గురి చూపే కంప్యూటర్‌ను ఆపింది ల్యూక్ ధైర్యమా, గురువు మాటా?

శనివారం_ఆట · శనివారం, రాత్రి 10:12

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో వారానికొక పాత సినిమా చూపిస్తున్నాను. ఈ వారం 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ వంతు.

చివరి యుద్ధం చాలామందికి గుర్తుండే ఉంటుంది. డెత్ స్టార్ అనే కృత్రిమ గోళం. దాని ఉపరితలం మీద లోతైన కాలువలాంటి దారి. ఆ దారి చివర రెండు మీటర్ల వెడల్పున్న రంధ్రం. అందులోకి టోర్పెడో దించితే గోళం మొత్తం పేలిపోతుంది. కథానాయకుడు ల్యూక్ విమానంలో కంటి ముందుకు దిగే గురి చూపే కంప్యూటర్ ఉంది. సరిగ్గా ఆఖరి క్షణాల్లో, చనిపోయిన గురువు ఒబీవాన్ గొంతు చెవిలో వినబడితే, అతను దాన్ని పక్కకు తోసేసి, తన మనసు చెప్పినప్పుడు మీట నొక్కుతాడు. గురి తప్పదు.

నేను తండ్రి హోదాలో ఒక నీతివాక్యం వదిలాను: "చూశావా, తన మీద తనకు నమ్మకముంటే యంత్రంతో పని లేదు." తను తల కూడా తిప్పకుండా అడిగింది: "చెవిలో ఆ తాతయ్య చెబితేనే కదా ఆపాడు? మరి అది తన మీద నమ్మకం ఎలా అవుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. పాప్‌కార్న్ తెస్తానని లేచి వెళ్లాను. ఇక్కడి పెద్దలు ఏమంటారు?

సందేహాలరావు · శనివారం, రాత్రి 10:31

మీ అమ్మాయి గెలిచింది, చర్చ ముగిసింది.

అయినా అడిగారు కాబట్టి చెబుతాను. ముప్ఫై విమానాలు వెళ్లాయి, ఆఖరికి మూడో నాలుగో మిగిలాయి. ఇంకొద్ది క్షణాల్లో వాళ్ల స్థావరం ఉన్న ఉపగ్రహం బూడిద కాబోతోంది. అప్పుడొక కుర్రవాడు, అంతకుముందు యుద్ధవిమానం నడిపి పోరాడనివాడు, ఉన్న ఒక్క పరికరాన్నీ ఆపేశాడు. కమాండర్ స్థానంలో నేనుంటే, గెలిచినా సరే, రాతపూర్వక సంజాయిషీ అడిగేవాణ్ణి. పతకం సంగతి తర్వాత.

ల్యూక్ కళ్లు మూసుకుని సాధన చేసి నెగ్గినప్పుడు హాన్ సోలో అనే పాత్ర ఒక మాట అంటాడు, దాన్ని అదృష్టం అంటారని. నాది ఆయన పార్టీ.

లోలకం · శనివారం, రాత్రి 11:05

రావుగారూ, సంజాయిషీ అడిగే ముందు దస్త్రం చూడండి.

దాడికి ముందు జరిగే సమావేశంలో వెజ్ అనే పైలట్, అంత చిన్న లక్ష్యాన్ని కొట్టడం కంప్యూటర్‌కు కూడా సాధ్యం కాదంటాడు. దానికి ల్యూక్ జవాబు: మా ఊళ్లో చిన్న విమానంలో తిరుగుతూ ఎలుకల్లాంటి జంతువుల్ని కొట్టేవాణ్ణి, అవీ రెండు మీటర్లకు పెద్దగా మించవు. సభలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. మనమూ పట్టించుకోము.

ఇక రెండోది. ల్యూక్ కంటే ముందు వాళ్ల దళ నాయకుడు అదే దారిలో వెళ్లాడు. అదే కంప్యూటర్‌తో గురి చూశాడు, టోర్పెడో వదిలాడు. అది లోపలికి వెళ్లలేదు, పైన తగిలి పేలింది. అంటే పరికరాన్ని అప్పటికే ఒకసారి పరీక్షించారు, తప్పింది. తప్పిన పద్ధతిని పక్కన పెట్టడం మూర్ఖత్వమెలా అవుతుంది?

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లలకు ఎప్పుడూ చెప్పే మాట: ప్రయోగశాలలో వోల్ట్‌మీటర్ చూపినదాన్ని కళ్లు మూసుకుని రాయవద్దు. ముల్లు ఎక్కడుండాలో మీకొక అంచనా ఉండాలి. అంచనా లేనివాడికి పరికరం తప్పు చెప్పినా తెలియదు. ఆ అంచనా ల్యూక్‌కు చిన్నప్పటి వేట వల్ల ఉంది.

నీలిరెక్కలు · ఆదివారం, ఉదయం 6:48

ఈ సన్నివేశం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నవాణ్ణి, తర్వాత కొన్నేళ్లు నేర్పినవాణ్ణి. "పరికరాన్ని వదిలెయ్, మనసు చెప్పింది విను" అని ఏ శిక్షకుడైనా మబ్బుల్లో చెబితే ఇద్దరూ ఇంటికి రారు.

కారణం వివరిస్తాను. మన సమతూకం తెలిసేది లోపలి చెవిలోని ద్రవం వల్ల. విమానం నెమ్మదిగా ఒక పక్కకు వాలి తిరుగుతూ ఉంటే, ఇరవై సెకన్లు గడిచేసరికి ఆ ద్రవం కూడా వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు మీకు విమానం నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజంగా సరిచేస్తే రెండో పక్కకు పడిపోతున్నట్టు ఉంటుంది. దాంతో మళ్లీ వాల్చేస్తారు. బయట నేల కనబడకపోతే, వేలమంది అనుభవజ్ఞుల్ని కూడా మోసం చేసిన అనుభూతి ఇది.

అందుకే మాకు శిక్షణలో తలకు ఒక ముసుగు పెడతారు. దాన్ని హుడ్ అంటాం. అది పెట్టుకుంటే కిటికీ కనిపించదు, పరికరాలు మాత్రమే కనిపిస్తాయి. ఒళ్లు ఎన్ని అబద్ధాలు చెప్పినా వినకుండా ముళ్లనే నమ్మడం అలవాటు చేయడానికి అది.

ఇప్పుడు సినిమా గుర్తు తెచ్చుకోండి. ఒబీవాన్ కూడా ల్యూక్‌కు శిరస్త్రాణం పెట్టి కళ్లు మూస్తాడు, నీ కళ్లు నిన్ను మోసగించవచ్చు, నమ్మకు అంటాడు. సామగ్రి అదే, పాఠం మాత్రం సరిగ్గా తిరగేసినది.

శనివారం_ఆట · ఆదివారం, ఉదయం 8:20

నీలిరెక్కలు గారూ, ముసుగు పోలిక చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను. అమ్మాయికి చదివి వినిపించాను. "అయితే ఇద్దరూ కళ్లే నమ్మొద్దంటున్నారు కదా, మరి తేడా ఏముంది?" అంది. నన్నెందుకు అడుగుతుందో ఇంకా అర్థం కాలేదు.

సారణి · ఆదివారం, ఉదయం 9:02

సినిమాల గురించి నాకు అంతగా తెలియదు. వీణ నేర్పుతాను కాబట్టి నా గొడవ చెబుతాను.

ఇప్పుడు పిల్లలందరి ఫోనుల్లో శ్రుతి చూపే యాప్ ఉంది. తీగ మీటగానే ముల్లు కదులుతుంది, సరిపోతే ఆకుపచ్చ రంగు వస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ, "సారణి దిగింది, చూసుకో" అనేవారు. సారణి అంటే వీణ మొదటి తీగ. నాకు ఏమీ తేడా వినిపించేది కాదు. బిరడా తిప్పి, తిప్పి, ఆమె "ఆఁ" అనేదాకా ఆగేదాన్ని. అంటే నాకు ఆమె చెవే యాప్. ఆమెకు జలుబు చేస్తే ఆ రోజు నా పని అయిపోయినట్టే!

నేను యాప్‌ను నిషేధించలేదు. శ్రుతి అయ్యాక ఫోను బోర్లా పెట్టమంటాను. తర్వాత పంచమం తీగను వాళ్లకు చెప్పకుండా కొంచెం దించుతాను. వర్ణం మధ్యలో ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆ రోజు నాకు పండగ. కొందరికి నెలలు పడుతుంది. ఒక పిల్లకు రెండేళ్లు పట్టింది. తను ఇప్పుడు ఒకే మొద్దుతో చేసే బొబ్బిలి ఏకాండి వీణ కొనుక్కుంది, నాకంటే బాగా శ్రుతి చేస్తుంది.

మా గురువుగారు పోయి పదకొండేళ్లు. సారణి ఒక పిసరు దిగితే ఇప్పటికీ వంటింట్లోంచే వినిపిస్తుంది. అది ఆమె గొంతా, నా చెవా అని ఎవరైనా అడిగితే నేనైతే చెప్పలేను. శనివారం ఆట గారి అమ్మాయి అడిగినదీ ఇదే అనుకుంటాను.

కుంచె_కోడు · ఆదివారం, ఉదయం 11:40

ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో రాత్రి బాగా పొద్దుపోయింది, ఇది రాయకుండా నిద్ర పట్టదు.

"కంప్యూటర్‌ను ఆపెయ్" అని చెప్పే ఈ సినిమా కంప్యూటర్ లేకపోతే ఇలా వచ్చేదే కాదు. ఆ కాలువ మీద విమానాలు దూసుకుపోయే దృశ్యాల కోసం జాన్ డైక్‌స్ట్రా బృందం ఒక కెమెరా వ్యవస్థను తయారు చేసింది, పేరు డైక్‌స్ట్రాఫ్లెక్స్. ముఖ్యంగా కదిలేది విమానం బొమ్మ కాదు, కెమెరా. దాని కదలికల్ని నమోదు చేసుకుని, ఎన్నిసార్లయినా వెంట్రుకవాసి తేడా లేకుండా అదే దారిలో నడిపించవచ్చు. ఒకసారి విమానం, ఒకసారి నేపథ్యం, ఒకసారి మంటలు విడివిడిగా తీసి ఒకే ఫ్రేములో కలిపేవారు. మనిషి చెయ్యి అలా రెండుసార్లు ఒకేలా కదలదు.

దాడికి ముందు సమావేశంలో గోడ మీద చూపించే కాలువ గీతల చిత్రం ఉంది కదా, అది లారీ క్యూబా షికాగోలో నిజంగానే కంప్యూటర్ మీద గీసి ఇచ్చినది. ఈ ప్రపంచం ఎంత చిత్రమైనదంటే, ల్యూక్ కంప్యూటర్‌ను తోసేసిన ఆ కాలువను మనకు నమ్మేలా చూపించడానికి అసలు కంప్యూటర్లే కష్టపడ్డాయి.

సందేహాలరావు · ఆదివారం, మధ్యాహ్నం 12:15

అదీ మాట. పైగా ఆ రోబో, ఆర్‌టూ-డీటూ, దారి పొడవునా విమానాన్ని బాగు చేస్తూనే ఉంది. ల్యూక్ కంప్యూటర్‌ను ఆపిన కాసేపటికే దానికి దెబ్బ తగిలింది. అప్పటిదాకా అది లేకపోతే ఆ హీరో కాలువ దాకా వచ్చేవాడే కాదు. వెనకాల శత్రువు వేడర్ గురి పెట్టి ఉన్నాడు, పైనుంచి హాన్ సోలో వచ్చి కాపాడాడు. ఇంతమంది భుజాల మీద నిలబడి "నా మీద నాకు నమ్మకం" అంటే ఎలా?

బెంచీ_చివర · ఆదివారం, మధ్యాహ్నం 2:37

నేను ఇంటర్ రెండో ఏడాది. అడగవచ్చో లేదో తెలియదు, అయినా అడుగుతున్నాను.

లెక్కల్లో చిక్కు వస్తే ఫోనులో ఏఐని అడుగుతాను. అది మెట్టు మెట్టుగా చెబుతుంది. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పోయిన వారం నమూనా పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. మొదటి వరుస ఏం రాయాలో తోచలేదు. అరగంట కలం పట్టుకుని కూర్చున్నాను. నా విషయంలో కంప్యూటర్‌ను ఆపింది నేను కాదు, పరీక్ష హాలు. మరి నాకు ఏ శక్తీ వినిపించలేదు.

లోలకం · ఆదివారం, సాయంత్రం 5:10

నాయనా, ముందు ఒకటి. ఆ అరగంట నీ ఒక్కడిదే కాదు, నా దగ్గర చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఉంది. ఏఐ రాకముందు గైడు పుస్తకాలు ఇదే పని చేసేవి. జవాబును చదివి తలూపడం, జవాబును కట్టుకుంటూ రావడం ఒకటి కాదు. వేరేవాడు ఈత కొడుతుంటే గట్టు మీద కూర్చుని చూసినవాడికి చేతులు ఎలా ఆడించాలో బాగానే తెలుస్తుంది.

చేసి చూడు: లెక్క తీసుకుని పదిహేను నిమిషాలు ఒంటరిగా కొట్టుకో. ఆగిపోయిన చోట, "ఎందుకు ఆగాను" అని ఒక వాక్యం రాయి. అప్పుడు అడుగు, అదీ పూర్తి జవాబు కాదు, తర్వాతి ఒక్క మెట్టు. మర్నాడు పొద్దున అదే లెక్క తెల్ల కాగితం మీద. ల్యూక్‌కు కూడా ఆ శిరస్త్రాణం పెట్టగానే ఏమీ వినిపించలేదు. కళ్లు కనబడకుండా ఎలా పోరాడాలని విసుక్కున్నాడు, మొదటి ప్రయత్నంలో దెబ్బ తిన్నాడు.

జాజిపందిరి · ఆదివారం, సాయంత్రం 6:25

ఇంతసేపూ అందరూ గెలాక్సీలన్నీ తిరిగారు గానీ కిష్కింధకాండ దగ్గర ఎవరూ ఆగలేదు.

సముద్రం ఒడ్డున వానరులందరూ ఎవరెంత దూకగలరో చెప్పుకుంటున్నారు. ఒకడు పది యోజనాలు, ఒకడు ఇరవై. అంగదుడు నూరు యోజనాలూ దూకగలనంటాడు, తిరిగి రావడం మాత్రం సందేహమంటాడు. ఆ నిజాయితీ నాకెంత ఇష్టమో! హనుమంతుడు మాత్రం ఒక పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. జాంబవంతుడు వెళ్లి, నువ్వెవరివో తెలుసా, చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరినవాడివి అని గుర్తు చేస్తాడు. అప్పుడు పెరుగుతాడు.

జాంబవంతుడు దూకడం నేర్పలేదు, బలం ఇవ్వలేదు, కంప్యూటర్ అసలే ఇవ్వలేదు. ఉన్నదాన్ని గుర్తు చేశాడు. లంఘించింది ఎవరని అడిగితే ఎవరైనా జాంబవంతుడని అంటారా? మీ అమ్మాయికి ఇది చెప్పండి.

సందేహాలరావు · ఆదివారం, రాత్రి 8:03

చెప్పే ముందు ఆగండి. పనిగట్టుకుని ఆ ఘట్టం మళ్లీ చూశాను, నాలుగుసార్లు.

ఒబీవాన్ గొంతు ముందు ఫోర్స్‌ను, అంటే ఆ కనిపించని శక్తిని, వాడమంటుంది, తర్వాత పట్టు వదలమంటుంది. ఆఖరున, కంప్యూటర్‌ను ఆపడానికి సరిగ్గా ముందు, ఏమంటుందో విన్నారా? "నన్ను నమ్ము." నిన్ను నువ్వు నమ్ముకో అనలేదు. నన్ను నమ్ము! జాంబవంతుడు ఆ మాట అన్నాడా? కాబట్టి ల్యూక్ చేసింది ఆధారం మార్చుకోవడం. యంత్రం నుంచి గురువుకు. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇంకో అద్దె ఇంట్లో దిగినట్టు.

నన్ను ఓడించాలంటే ఎవరైనా దీనికి జవాబు చెప్పాలి.

పర్యవేక్షకుడు · ఆదివారం, రాత్రి 9:15

1999 తర్వాత వచ్చిన భాగాలు మంచివా చెడ్డవా అన్న పదకొండు వ్యాఖ్యల్ని వేరే చర్చకు తరలించాను. వాళ్లు అక్కడ హాయిగా కొట్టుకోవచ్చు.

నీలిరెక్కలు · సోమవారం, ఉదయం 6:30

రావుగారి ప్రశ్నకు నా దగ్గర సినిమా జవాబు లేదు, చంద్రుడి జవాబు ఉంది. నిన్న కోపంలో ఒక పక్కే చెప్పాను కూడా.

1969 జులై 20. అపోలో 11 దిగుతోంది. కంప్యూటర్ 1202 అనే హెచ్చరిక చూపింది, తనకు మించిన పని పడిందని. ఆపాలా, దిగాలా? హ్యూస్టన్‌లో ఆ నిర్ణయం చెప్పాల్సిన స్టీవ్ బేల్స్‌కు 26 ఏళ్లు. వెనక గదిలో ఆయనకు సాయంగా ఉన్న జాక్ గార్మన్‌కు 24. దిగవచ్చు అన్నారు. అది గుండె ధైర్యం కాదు. అంతకు కొద్ది వారాల ముందు అభ్యాసంలో ఇలాంటి హెచ్చరికకే కంగారుపడి, అవసరం లేకపోయినా దిగడం ఆపించారు. చీవాట్లు తిన్నాక గార్మన్ కూర్చుని ఏ హెచ్చరిక వస్తే ఏం చేయాలో చేత్తో ఒక జాబితా రాసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ కాగితమే అపోలోను దించింది అంటాను నేను.

తర్వాత కంప్యూటర్ తీసుకెళ్తున్న చోట పెద్ద పెద్ద బండరాళ్లు కనిపించాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ అదుపు తన చేతిలోకి తీసుకుని, వాటిని దాటించి దింపాడు. చేత్తో నడిపాడు అంటారు గానీ ఆయన కర్ర కదిపితే ఆ మాట ఇంజనుకు అందించింది కంప్యూటరే. ఆపలేదు, కొంత తీసుకుని కొంత దానికే వదిలాడు. ఇదంతా ఒక్కరోజులో రాలేదు. 1968 మేలో శిక్షణ వాహనం అదుపు తప్పితే అందులోంచి పారాచూట్‌తో బయటపడ్డ మనిషి ఆయన.

రెండో పక్క కూడా చెప్పాలి. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447. వేగం కొలిచే గొట్టాల్లో మంచు గడ్డకట్టింది, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం ఎగిరే స్థితిలోనే ఉంది. చేతికొచ్చిన విమానాన్ని ఆ ఎత్తులో ఎలా పట్టుకోవాలో వాళ్లకు అలవాటు లేదు. ముక్కు పైకెత్తుతూ పోయారు, గాలి పట్టు తప్పింది. 228 మంది పోయారు. మా శిక్షణలో హుడ్ పాఠం అయ్యాక ఇంకో పాఠం ఉంటుంది. శిక్షకుడు ఒక రబ్బరు బిళ్లతో ఏదో ఒక పరికరాన్ని మూసేస్తాడు, మిగిలినవాటితో నడపమంటాడు. ఏది మూస్తాడో ముందుగా చెప్పడు. సారణి గారు పంచమం తీగ దించినట్టు.

కుంచె_కోడు · సోమవారం, ఉదయం 9:55

శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 సంగతి వీటి పక్కన పెట్టి చూడండి. 2023 ఆగస్టు 23 సాయంత్రం దిగేటప్పుడు చివరి దశలో నేల మీద ఎవరికీ పని లేదు. సంకేతం వెళ్లడానికి ఒక సెకను పైన, రావడానికి మరో సెకను పైన పడుతుంటే చేత్తో నడిపేదేమిటి? అందరూ చేతులు కట్టుకుని తెర చూశారు. అక్కడ అసలు ధైర్యం మీట వదిలేయడమే.

2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూలిపోయాక వాళ్లు యంత్రాన్ని నమ్మడం మానలేదు. ఎక్కడెక్కడ తప్పవచ్చో ముందే రాసుకుని దానికి తగ్గట్టు మార్చారు. దిగే చోటునే అర కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు నుంచి నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు.

లోలకం · సోమవారం, రాత్రి 7:45

రావుగారి "నన్ను నమ్ము" నన్ను నిన్నటి నుంచి పట్టుకుంది. ఒప్పుకుంటున్నాను, మొదటి సినిమాలో మీదే గెలుపు. అక్కడ ల్యూక్ ఇల్లు మారాడు, అంతే.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1980లో వచ్చిన రెండో భాగంలో గురువులు యోడా, ఒబీవాన్ ఇద్దరూ వెళ్లవద్దంటారు. స్నేహితుల్ని కాపాడాలని శిక్షణ మధ్యలో వదిలి వెళ్తాడు. కుడిచెయ్యి పోగొట్టుకుంటాడు, వేడరే తన తండ్రి అన్న నిజం తెలుస్తుంది, యంత్రపు చెయ్యి పెట్టించుకుంటాడు. గురువును ధిక్కరించిన ఆత్మవిశ్వాసానికి అచ్చమైన జరిమానా.

1983లో మూడో భాగం. ఇప్పుడు గురువులు వేడర్‌ను ఎదుర్కోక తప్పదంటారు, తండ్రిని చంపలేనని ల్యూక్ అంటే అయితే చక్రవర్తి గెలిచినట్టే అంటాడు ఒబీవాన్. తండ్రి గురించి తనకు సగం నిజమే చెప్పిన గురువు ఆయన, "ఒక కోణంలో చూస్తే" అని సర్దుకున్నాడు కూడా. చివరి పోరులో ల్యూక్ వేడర్ చేతిని నరుకుతాడు. తెగిపడింది యంత్రపు చెయ్యి. దాన్ని చూసి, తొడుగు వేసుకున్న తన యంత్రపు చేతిని చూసుకుంటాడు. కాంతి ఖడ్గాన్ని విసిరేస్తాడు. ఈసారి చెవిలో ఎవరూ మాట్లాడలేదు. ఏ గురువూ ఆ పని చేయమని చెప్పలేదు. కంప్యూటర్‌ను తోసేసిన ఘట్టానికి అసలు జోడీ ఇదే, మధ్యలో ఆరేళ్లూ ఒక చెయ్యీ ఖర్చయ్యాయి.

జాజిపందిరి · సోమవారం, రాత్రి 8:30

బొటనవేలు ఇచ్చిన ఏకలవ్యుడు ఎదురుగా నిలబడినట్టు అనిపించింది. ఆయనకు గురువు మట్టిబొమ్మే సరిపోయింది, అసలు గురువే నష్టం చేశాడు. రేపు రాస్తాను, పెసరట్టు పిండి రుబ్బాలి.

బెంచీ_చివర · మంగళవారం, రాత్రి 9:10

లోలకం గారూ, నిన్న మూడు లెక్కలు మీరు చెప్పినట్టు చేశాను. రెండింట్లో పదిహేను నిమిషాలూ ఏమీ కదల్లేదు. మూడోదానిలో ఎందుకు ఆగానో రాస్తుండగానే తర్వాతి మెట్టు తట్టింది. ఫోను తీయలేదు. జవాబు మాత్రం తప్పు, గుర్తు మార్చడం మరిచాను.

శనివారం_ఆట · మంగళవారం, రాత్రి 10:40

మీ మాటలన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. హనుమంతుడి దగ్గర తలూపింది, అపోలో దగ్గర ఆ కాగితం ఎక్కడుందని అడిగింది, "నన్ను నమ్ము" దగ్గర "చెప్పానా!" అని ఎగిరింది.

తర్వాత ఆ ఘట్టం తనే మళ్లీ పెట్టింది. ల్యూక్ కంప్యూటర్‌ను తోసేయగానే స్థావరం నుంచి ఆదుర్దాగా అడుగుతారు: కంప్యూటర్‌ను ఆపేశావు, ఏమైంది? అతను ఏమీ లేదు, బాగానే ఉన్నాను అంటాడు. అక్కడ ఆపి నన్ను అడిగింది: "నాన్నా, తాతయ్య చెప్పాడు అని వాళ్లకు ఎందుకు చెప్పలేదు?"

ఈసారి పాప్‌కార్న్ కూడా అయిపోయింది. శనివారం రెండో భాగం.

సందేహాలరావు · మంగళవారం, రాత్రి 10:52

చెబితే ఎవరు నమ్ముతారండీ, చనిపోయిన ముసలాయన చెవిలో చెప్పాడంటే?

అందుకే నేను సంజాయిషీ రాతపూర్వకంగా అడుగుతానన్నాను. ఏం రాస్తాడో చూడాలని ఉంది.